కలవని మూడో మూల

లువార్ నది పొంగి రాతి వంతెనను ఎత్తుకుపోయాక నాలుగో ఏడు అది. రాజు పేరు మీద ఏళ్ళు లెక్కపెట్టే వీలు లేదు, రాజు తల తీసేశారు. పారిస్ నుంచి కొత్త పంచాంగం వచ్చింది గానీ ఆ నెలల పేర్లు బ్రెసోల్‌లో ఎవరి నోటికీ పట్టలేదు. పది రోజులకోసారి సెలవన్నారు. ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఏడో రోజున ఉతికిన టోపీ పెట్టుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక గుమ్మాల్లో నిలబడేవారు. వరద అలా కాదు. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు.

పోయిన వారం కథ ఆపినప్పుడు సిల్వేన్‌ను చర్చి గోపురం మెట్ల మధ్యలో, చేతిలో దీపం నూనెతో వదిలేసి వచ్చాం. పైనుంచి గొడ్డలి దెబ్బలు వినిపిస్తున్నాయి. అతను ఆ గోపురంలో గంట కొట్టేవాడు. గంట ఇప్పుడు లేదు. ఫిరంగులు పోత పొయ్యడానికని దించి ఎద్దుబండిలో తీసుకుపోయారు. పాదిరి ఒక తెల్లవారుజామున ఎటో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సిల్వేన్‌తో పని ఉన్నవాడు ఊళ్ళో లేకపోయాడు, ద్రాక్ష కోతలప్పుడు దెల్మా వచ్చేదాకా.

దెల్మా కొలతల మనిషి. దేశమంతటికీ ఒకే కొలబద్ద ఉండాలనీ, అది ఏ రాజు చెయ్యో పాదమో కాకుండా భూమి చుట్టుకొలతలోంచే రావాలనీ పారిస్‌లో నిర్ణయమైంది. భూమి మీద తాడు పరిచి కొలవలేరు గదా. అందుకని గోపురం నుంచి గోపురానికి దుర్భిణితో చూపు కలిపి, మూడు మూలల బొమ్మలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్నారు. బ్రెసోల్ గోపురం ఒక మూల. గాలిమర దిబ్బ రెండో మూల. నదికి అవతల, తూర్పున, కొర్వేల్ బురుజు మూడోది. మొదటి రెండు చోట్లా కొలిచేశాడు. మూడోది మిగిలింది.

దెల్మా గోపురం పైన తెల్లగుడ్డ చుట్టిన కొయ్యను గుర్తుగా నాటించి, దాన్ని సిల్వేన్‌కు అప్పగించి నది దాటాడు. తన పని ముగిసేదాకా అది నిలబడి ఉండాలన్నాడు. సాయంత్రం కొర్వేల్ మీద అద్దం బిగించిన దీపం ఒకటి కనిపిస్తే పని సాగుతోందని, రెండు కనిపిస్తే అయిపోయిందని చెప్పి వెళ్ళాడు. పొద్దు వాలగానే సిల్వేన్ ఇక్కడొక దీపం పెట్టి అటు చూసేవాడు. ఐదు కోసుల అవతల ఆవగింజంత వెలుగు. భార్య పెర్రీన్ వరదలో పోయాక అతనికి రోజూ బదులిచ్చింది ఆ వెలుగొక్కటే. కొన్నాళ్ళుగా అదీ రావడం లేదు.

సిల్వేన్ పైకి చేరేసరికి పని అయిపోయింది. కొయ్య నరికి కింద పడేశారు. కప్పు పలకరాళ్ళు ముందురోజే ఊడదీశారు కాబట్టి గోపురం కొన చేప ముల్లులా ఉంది. దూలాల మధ్య ఆకాశం. గిల్బెర్ తెల్లగుడ్డను చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పీపాలు చేసే వడ్రంగి అతను, ఇప్పుడు ఊరి కమిటీకి అధ్యక్షుడు. పదవితో వచ్చిన ఎర్ర టోపీ అతని తలకు చాలదు, గాలి వేసినప్పుడల్లా ఒక చెయ్యి దానికే పోతుంది.

"పౌరుడా సిల్వేన్, నీ రాజుగారి జెండా నేనే దించాను. సంతోషించు. జిల్లావాళ్ళు దించి ఉంటే నీ తలకాయ కూడా దాంతోపాటే దిగేది."

"జెండా కాదు. గుర్తు."

"తెల్లదే గదా? రాజుగారి రంగే."

"వెనక అడవి నల్లగా ఉంది. తెల్లదైతేనే కనపడేది."

"రాజుగారి మనుషులు కూడా అలాగే అంటారు," అన్నాడు గిల్బెర్. వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు.

ఈ మాట ఇవాళ్టిది కాదు. మొదట్లోనే ఊళ్ళో గొణుగుడు పుడితే, బట్టలుతికే ఉర్సూలమ్మ కొత్త జెండాలా ఉండేటట్టు ఆ గుడ్డకు ఒక పక్క ఎర్ర పేలిక, ఇంకో పక్క నీలి పేలిక కుట్టి ఇచ్చింది. అప్పుడు దూరం నుంచి చూస్తే రంగులు అడవిలో కలిసిపోయి మధ్యలో సన్న గీత మిగిలింది. దెల్మా వాటిని విప్పేయమని పడవవాడితో కబురు పంపాడు. రంగులు కుట్టడం ఎవరికీ గుర్తులేదు. విప్పడం ఊరంతా చూసింది.

గిల్బెర్ మిగతాది మెట్ల మీద కూర్చుని చెప్పాడు. రేపు మధ్యాహ్నం జిల్లా అధికారి వస్తాడు. అప్పటికి గోపురం నేలమీద ఉండాలి. ఒక కప్పు ఇంకో కప్పు కంటే ఎత్తుగా ఉంటే సమానత్వం ఏం బతుకుతుందని ఆ అధికారి పక్క ఊళ్ళో అడిగాడట.

"మరి గాలిమర?" అన్నాడు సిల్వేన్.

"గాలిమర పిండి ఇస్తుంది. ఇదేమిస్తోంది ఇప్పుడు?"

గిల్బెర్ లేచి, ఖాళీగా ఉన్న గంట చట్రం వైపు చూడకుండా పక్కనుంచి దిగబోయాడు. వరద రాత్రి గిల్బెర్, అతని పెళ్ళాం, ముసలి తల్లి ఆ గంట చప్పుడు పట్టుకునే చీకట్లో గట్టుకు చేరారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

"నీ కొలతలాయన భూమిని కొలిచి వచ్చేదాకా నా పీపాలు ఏ కొలతకి చెయ్యాలో తెలియట్లేదు," అన్నాడు వెళ్ళబోతూ. తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు ఇంట్లో ఉండు పెద్దాయనా. చూడొద్దు."

పొద్దు కొంచెం మిగిలి ఉండగా దెల్మా వచ్చాడు. గోపురం కింద సిల్వేన్‌కు ఒకటే గది. తలుపు తడితే గిల్బెరే మళ్ళీ వచ్చాడనుకున్నాడు సిల్వేన్. చూస్తే కొలతల మనిషి, మోకాళ్ళదాకా తడిసి, గడ్డం పెరిగి, దుర్భిణిలో చూసీ చూసీ ఒక కన్ను సగం మూసుకుపోయి. ఏభై దాటిన మనిషి, ఇంకో పదేళ్ళు పైబడినట్టున్నాడు. పైకి చూసినట్టు లేదు. కొయ్య ఏమైందని అడగలేదు.

సిల్వేన్ పొయ్యి దగ్గరికి బల్ల జరిపాడు. ఉల్లి పులుసు గిన్నెలో పోసి, రై రొట్టె విరిచి అందులో వేశాడు. ఆ ఏడు కొత్త చట్టం ప్రకారం ఎవరూ ఎవరినీ మీరు అనకూడదు. అందరూ నువ్వే. గిల్బెర్ తన గుర్రాన్నీ జిల్లా అధికారినీ ఒకే పిలుపు పిలిచేవాడు. దెల్మాను నువ్వు అనడానికి సిల్వేన్‌కు నోరు రాలేదు, మీరు అంటే గోడకు చెవులున్నాయి. అందుకని అతను కొన్ని నెలలుగా ఆ మాట రాకుండానే మాట్లాడుతున్నాడు.

"దీపం కనపడలేదు," అన్నాడు.

"పెట్టలేదు." దెల్మా గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. "ఒక దీపం పెడితే పని సాగుతోందని నీకు చెప్పినట్టు. సాగడం లేదు. అబద్ధపు దీపం ఎలా పెట్టను?"

కాసేపు ఇద్దరూ తిన్నారు. తర్వాత దెల్మా తనంతట తనే మొదలుపెట్టాడు. పారిస్ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. అక్కడ తనతో పనిచేసినవాళ్ళలో ఎవరు బయట ఉన్నారో ఎవరు జైల్లో ఉన్నారో తెలియదు. అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. కొర్వేల్ బురుజులో తనూ, ఇత్తడి పరికరమూ, గబ్బిలాలూ. అదేమీ తనకు కష్టం కాదన్నాడు. కష్టం వేరే ఉంది.

"మూలమట్టం తెలుసా నీకు?"

"తెలుసు."

"రెండు మూలమట్టాలు పక్కపక్కన పెడితే తిన్నటి గీత వస్తుంది. మూడు మూలల బొమ్మ దేన్ని తీసుకున్నా, మూడు మూలలూ చేర్చి పెడితే సరిగ్గా అంతే రావాలి. భూమి గుండ్రం గనక రవ్వంత ఎక్కువ వస్తుంది. ఆ రవ్వ ఎంతో కూడా నాకు తెలుసు. నాది కలవలేదు."

"ఎంత తేడా?"

"నీ గడ్డంలో వెంట్రుకని గది చివర పట్టుకుంటే ఎంత మందం కనపడుతుందో అంత."

సిల్వేన్ గది చివరకు చూశాడు. అంత తేడా ఎవరికి కావాలని అడగలేదు. మఠంవాళ్ళు కౌలు గింజలు కొలుచుకునే కుంచమూ, అమ్మేటప్పుడు కొలిచే కుంచమూ పక్కపక్కన పెడితే తేడా కంటికి ఆనేది కాదు. ఆ తేడాతోనే మఠానికి కొత్త ధాన్యపుకొట్టు లేచింది. చిన్న తేడా అనే మాట మీద అతనికి నమ్మకం లేదు.

దెల్మా మొదట పరికరాన్ని అనుమానించాడట. విప్పి, తుడిచి, బిగించాడు. తర్వాత మంచును, ఎండకు ఆడే గాలిని, ఆ తర్వాత తన కన్నును. చివరికి తన బుర్రను. రోజూ తెల్లవారితే అదే కొలత, రోజూ అదే తేడా. పారిస్‌లో ఇతరుల లెక్కల్లో తప్పులు చూపించి నలుగురిలో నవ్వినవాడు తను. ఇప్పుడు తన తప్పు ఎవరికీ చూపించలేడు. చూపించేందుకు మనిషి ఉన్నా చూపించలేడు.

"ఒక పొద్దున ఏం చేశానో చెప్పనా? కొర్వేల్‌లో చూసి రాసిన అంకెలన్నీ పొయ్యిలో వేశాను. ఎంత ఉంటే మూడో మూల కలుస్తుందో లెక్కగట్టి అది రాశాను. ఇప్పుడు కలిసింది. అందంగా ఉంది. దాన్ని చూడలేక ఇటు వచ్చాను."

సిల్వేన్ పొయ్యిలో కట్టెను ఎగదోశాడు.

"అది తప్పు అంకేనా?" అని అడిగాడు.

"కాకపోవచ్చు. అదే సరైనది కావచ్చు కూడా. కానీ నేను చూడలేదు."

సిల్వేన్‌కు ఆ మాట తెలిసిన మాటే. వరద ఏడు, ఆ రాత్రికి ముందు రెండుసార్లు ఎవరో నది వస్తోందని అరిస్తే గంట మోగించారు. నది రాలేదు. మూడోసారి అరుపు వచ్చినప్పుడు జనం పక్కల మీదినుంచి లేవలేదు. అతను తాడు పట్టుకోకుండా లాంతరుతో గట్టు దిగి వెళ్ళి, నీళ్ళు తన కాళ్ళకు తగిలాక వెనక్కి పరుగెత్తి వచ్చి, చూశాను, చూశాను అని అరుస్తూ గంట కొట్టాడు. ఆ మాట విని లేచారు. ఊరు బతికింది. చూడ్డానికి పోయిన ఆ కాసేపట్లో పెర్రీన్ ఆవును విప్పడానికి పల్లంలోకి దిగింది. చూడకుండా కొట్టి ఉంటే ఆమె దిగేది కాదు. జనమూ లేచేవారు కాదు. ఆ రెంటినీ అతను ఎన్నో రాత్రులు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. అవి ఎప్పుడూ కలవలేదు.

లేచి దెల్మా గిన్నెలో ఇంకొంచెం పులుసు పోశాడు.

దెల్మా తింటూనే, అడగాలి గనక అడిగినట్టు అడిగాడు. "కొయ్య ఎప్పుడూ ఒరగలేదు గదా?"

"ఒకసారి. చలి మొదట్లో, మార్టిన్ పండగ గాలివానకి." సిల్వేన్ గొంతులో కొంచెం గర్వం ఉంది. "పొద్దున్నే మళ్ళీ నిలబెట్టాను. ముందటికంటే తిన్నగా. దూలం మార్చి, గట్టిది చూసి."

చెంచా గిన్నెలోనే ఆగింది.

"దూలం మార్చి అంటే?"

"పక్కది."

దెల్మా లేచి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సిల్వేన్ వెనకే ఎక్కాడు. పైన ఇంకా వెలుతురుంది. నరికిన కొయ్య మొదలు పక్క దూలంలో తెల్లటి పుండులా ఉంది. దెల్మా దాని ముందు ఆగలేదు. అవతలి దూలం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తడిమి, పాత మేకు కన్నం పట్టుకున్నాడు. కన్నంలో మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. వేలి కొన నరికిన మొదలుకు తగిలింది.

"మూర," అన్నాడు. "మూరెడు దూరం."

అతను నవ్వాడు. చాలాకాలం నవ్వనివాడి నవ్వు, సగం దగ్గు. ఇక్కడినుంచి, గాలిమర దిబ్బ నుంచి కొలిచినది గాలివానకు ముందు, కొయ్య పాత కన్నంలో ఉండగా. కొర్వేల్ నుంచి చూసింది తర్వాత, కొయ్య పక్కకు జరిగాక. ఐదు కోసుల దూరంలో మూరెడు అంటే సరిగ్గా ఆ వెంట్రుకే. బొమ్మకు ఒక మూల రెండు చోట్ల ఉంటే ఎలా కలుస్తుంది. పరికరం మంచిదే. కన్ను మంచిదే. బుర్ర మంచిదే.

తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నిన్ను కాపలా కాయమన్నాను. బాగుచెయ్యమనలేదు."

"ఒరిగింది. ఒరిగినదాన్ని చూస్తూ ఎలా ఉండేది?"

"ఒరిగితే ఒరిగిందని నాకు చెప్పాలి."

"ఎలా చెప్పేది?" అన్నాడు సిల్వేన్. "గాలివానకి పడవ ఆగిపోయింది. ఒక దీపమంటే పని సాగుతోందని. రెండంటే అయిపోయిందని. ఒరిగిందని చెప్పడానికి దీపం లేదు."

దెల్మా దూలం మీద కూర్చుండిపోయాడు. శీతాకాలమంతా మోసినదాన్ని ఎవరో భుజం మీదినుంచి దించినట్టు అతని వీపు వంగింది. సిల్వేన్ అది చూశాడు. దించినది నేలమీద పడలేదు, తన భుజం మీదికి వచ్చింది. ఈ మనిషి రోజూ తెల్లవారి లేచి తనను తను తిట్టుకున్నది, సిల్వేన్ గర్వంగా నాటిన కొయ్యను చూసే. సాయంత్రాలు ఇద్దరూ ఒకరి దీపం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మధ్యా ఆ మూర ఉందని ఇద్దరికీ తెలియలేదు.

గోపురం సంగతి సిల్వేన్ అప్పుడు చెప్పాడు. రేపు మధ్యాహ్నం. తాళ్ళు వేసి లాగుతారు.

దెల్మా చుట్టూ చూశాడు, ఇప్పుడే పైకి వచ్చినవాడిలా. కొయ్య లేదు, గుడ్డ లేదు. సరే, అన్నాడు. అయితే రాసిన అంకె అలాగే ఉంటుంది. సరైనదే అయి ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు. దాని మీద ఇంకో బొమ్మ, ఆ బొమ్మ మీద ఇంకోటి లేస్తాయి, సముద్రందాకా. చివరికి ఒక కొలబద్ద వస్తుంది. పిల్లలు గుడ్డ కొలుస్తారు, రైతులు పొలం కొలుస్తారు. అందులో ఒకచోట చూడకుండా రాసింది ఉందని తనకొక్కడికే తెలుస్తుంది.

"ఇద్దరికి," అన్నాడు సిల్వేన్.

కింద రేవులో పడవవాడు ఆఖరి బల్లకట్టుకు కొమ్ము ఊదుతున్నాడు.

"కొర్వేల్‌కి తెల్లారేసరికి చేరొచ్చా?"

"చేరొచ్చు. చేరి దేన్ని చూడను?"

"పొద్దున ఎండ ఇటే పడుతుంది. మంచు విడిచాక ఎంతసేపు కావాలి?"

"రెండు గంటలు. ఒకే కోణం మళ్ళీ మళ్ళీ చూడాలి. గుర్తు రవ్వ కూడా కదలకూడదు."

"కదలదు. అయిపోయాక తడి గడ్డి కాల్చు. పొగ కనపడుతుంది." సిల్వేన్ పాత కన్నం మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ చూడు నువ్వు. మొదట పెట్టిన చోట."

దెల్మా తల తిప్పి అతని మొహంలోకి చూశాడు. అన్ని నెలల్లో సిల్వేన్ తనను నువ్వు అనడం అదే మొదటిసారి. ఇక్కడ తెల్లగుడ్డ ముక్క కూడా మిగల్లేదు గదా, ఏం నిలబెడతావని అడిగాడు. సిల్వేన్ మెట్లకేసి చూపించాడు. పడవ వెళ్ళిపోతోంది.

దెల్మా అతని చేతిలో చెయ్యి పెట్టి ఒకసారి నొక్కి దిగిపోయాడు. నది మీద చీకటి పడేదాకా సిల్వేన్ అక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రం దీపం పెట్టలేదు. అవతల చూసేవాడు లేడు.

మర్నాడు ఇంకా మసక ఉండగానే అతను మంచం కిందినుంచి గోధుమరంగు గోనె లాగాడు. పైన చెస్ట్‌నట్ కాయలు. వాటి కింద, పాత దుప్పటిలో, పూజవేళ తొడుక్కునే తెల్ల అంగీ. అలాంటివన్నీ కమిటీకి ఒప్పజెప్పాలని దండోరా వేసినప్పుడు అతను పాదిరివి ఇచ్చాడు. తనది ఇవ్వలేదు. దాన్ని పెర్రీన్ గంజిపెట్టి మడిచింది. ఆ మడత ఆ తర్వాత ఎవరూ విప్పలేదు.

విప్పాడు. మడత గీతలు పసుపుపచ్చగా తేలాయి. కోటు మీద తొడుక్కున్నాడు. చర్చి బట్ట, పైగా తెల్లది, జిల్లా అధికారి వచ్చే రోజు. ఇందులో ఒక్కదానికే తల పోవచ్చు.

గంట తీసుకుపోయినవాళ్ళు తాడు వదిలేశారు, జనపనార ఫిరంగికి పనికిరాదు. సిల్వేన్ దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కాడు. మెట్లు అయిపోయాక కొనకు నిచ్చెన ఉంది. ఎక్కి, నిచ్చెనను పైకి లాక్కున్నాడు. పాత కన్నం రెండు పాదాల మధ్య వచ్చేలా నిలబడి, నిలువు దూలానికి వీపు ఆనించి, నడుమూ మోకాళ్ళూ గంట తాడుతో కట్టుకున్నాడు. చేతులు మిగిలాయి. అంగీ చేతుల్ని రెండు పక్కలా చాపి పట్టుకున్నాడు, వెడల్పుగా కనపడాలని.

అప్పటికి మంచు ఎంత దట్టంగా ఉందంటే అతనికి తన చేతి కొనలు తెలియలేదు. కింద మనుషులు వచ్చారు. తాళ్ళు, కొక్కేలు. ఎవరో దగ్గారు, ఎవరో గిల్బెర్ టోపీ మీద ఏదో అంటే నవ్వులు. కొక్కెం ఒకటి పైకి వచ్చి ఒక దూలాన్ని పట్టుకుంది. ఇంకోటి తప్పి, మళ్ళీ వచ్చి పట్టుకుంది. వాళ్ళకు అతను కనపడలేదు. అతను పిలవలేదు.

తర్వాత నది వైపు నుంచి మంచు పలచబడింది. ఎండ మొదట మొహానికి తగిలింది, తర్వాత అంగీకి. కొర్వేల్ బురుజు గోరంత నల్లగా పైకి తేలింది. అక్కడ ఒక గాజుకన్ను తనకేసి తిరిగి ఉందో లేదో తెలియదు. ఉందనుకుని నిలబడ్డాడు.

కింద ముందుగా చూసింది ఉర్సూలమ్మ. ఆమె చేతిలో బట్టల మూట జారింది. ఒకరి తర్వాత ఒకరు తలలెత్తారు.

చాలాసేపు అలాగే గడిచింది. చేతులు మొద్దుబారాయి. భుజాలు తనవి కాకుండా పోయాయి. పొగ రాలేదు.

పడమటి దారిలో గుర్రపుబండి గంటలు వినిపించాయి. ఇంకా మధ్యాహ్నం కాలేదు. అధికారి పొద్దున్నే వచ్చేశాడు.

"పెద్దాయనా," అని గిల్బెర్ కిందినుంచి మామూలు గొంతుతోనే పిలిచాడు, పక్కింటివాణ్ణి పిలిచినట్టు. "దిగు. వాళ్ళు నిన్ను చూసేలోగా దిగు."

సిల్వేన్ తల వంచలేదు. వంచితే భుజం కదులుతుంది.

"నేను లాగించకపోతే నా తల పోతుంది, తెలుసా నీకు?"

తెలుసు. బండి చక్రాలు రాళ్ళ మీదికి వచ్చాయి. గిల్బెర్ ఎవరితోనో నెమ్మదిగా ఏదో అన్నాడు. లాగమన్నాడో వద్దన్నాడో పైకి వినపడలేదు. కాసేపటికి తాడు బిగిసిన వణుకు పాదాల కింది దూలంలోకి వచ్చింది.

సిల్వేన్ కొర్వేల్ మీదినుంచి చూపు తియ్యకుండా, అంగీ కదలకుండా ఉండేందుకు, ఊపిరి చిన్నచిన్నగా తీసుకోవడం మొదలుపెట్టాడు.